దిష్టాకు

ప్లేటులోని కణాలు నాలుగోసారి కూడా చచ్చిపోయాయి. అంటే మందు పనిచేయలేదు, గాజుజ్వరం వైరస్ నిక్షేపంగా ఉంది. డాక్టర్ హేమలత మైక్రోస్కోప్‌లోంచి చూసింది, మళ్ళీ చూసింది, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె భర్త ప్రభాకరం అదే జ్వరంతో ఆస్పత్రిలో మంచాన పడి ఆ ఉదయానికి తొమ్మిది రోజులు. గాజుజ్వరం వచ్చినవాళ్ళు పన్నెండో రోజు దాటడం లేదు.

ఈ మందు దొరికిన తీరు ముందు చెప్పుకోవాలి. కిందటేడు జ్వరం ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చేస్తుంటే నల్లమలలోని ఒక చెంచుగూడెంలో మాత్రం ఒక్కరూ పోలేదు. ఉడతల గురవయ్య అనే ముసలాయన ఏదో ఆకు కాచి అందరికీ పోశాడట. హేమలత ఆ ఆకు ఒక బస్తా తెచ్చి పరీక్షిస్తే, అందులోని ఒక కాంపౌండ్ ఆరు గంటల్లో వైరస్‌ను తుడిచిపెట్టేసింది. బస్తా అంతా పరీక్షలకే అయిపోయింది. ఆ కాంపౌండ్‌ను ఫ్యాక్టరీలో తయారుచేయడం ఎవరి తరమూ కాలేదు. సరే, మొక్కనే పెంచుదామనుకున్నారు.

అలా పుట్టింది కాపరి. పన్నెండంతస్తుల గాజు టవర్, మట్టి లేకుండా పెరిగే రెండు లక్షల మొక్కలు, ప్రతి ఆకునూ గంటకోసారి చూసే కెమెరాలు. ఆకు మీద పసుపు మచ్చ కనపడిందా, మొక్కకు తెగులు వైరస్ పట్టినట్టే. కాపరి దాన్ని అక్కడికక్కడే లేజర్‌తో కాల్చేస్తుంది. తెగులు అడవిలోంచి వస్తోందని తేలాక, కాపరి డ్రోన్లు కొండలన్నీ గాలించి మచ్చలున్న ప్రతి మొక్కనూ బూడిద చేశాయి. ఆ ఆలోచన హేమలతదే. అందుకు ఆమెకు సభ పెట్టి శాలువా కూడా కప్పారు.

ఇప్పుడు ఆ నిగనిగలాడే ఆకుల్లో మందు చుక్క కూడా లేదు.

జీపు పంపి గురవయ్యను పిలిపించింది. ఆయన టవర్ లోపల చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఒక మొక్క ముందు ఆగి, ముట్టుకోకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఇది దిష్టాకు కాదు తల్లీ."

అదే మొక్కని, డీఎన్ఏ కూడా సరిపోయిందని హేమలత ఓపిగ్గా చెప్పింది.

"చెట్టు అదే. నేనూ అదే అంటుండా. దీనికి దిష్టి తగల్లేదు. ఎవురో చూసి, అబ్బ ఎంత పచ్చగుందో అని నోరారా అంటారు. దాంతో ఆకు పసుపు తిరిగి ముడుచుకుపోద్ది. అది దిష్టాకు. మేం కోసేది దాన్నే."

హేమలతకు తన నోట్‌బుక్‌లో మొదటి పేజీ గుర్తొచ్చింది. దిష్టాకు: దిష్టి తీయడానికి వాడే ఆకు, మూఢనమ్మకం. తన చేత్తోనే రాసుకుంది. ఆ మాటకు అర్థమేమిటని ఆయన్ని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. బస్తాలో ఆకులు పసుపుపచ్చగా ఉంటే ఎండి అలా అయ్యాయనుకుంది.

అంతా తేటతెల్లమైంది. తనకు పట్టిన తెగులుతో పోరాడటానికే ఆ మొక్క మందు తయారుచేసుకుంటుంది. జబ్బే లేని ఇంట్లో మందుసీసా ఎందుకుంటుంది? ఏడాదిగా ఆమె పగబట్టి చంపించింది ఆ తెగులునే.

అడవిలో ఒక్క దిష్టాకైనా మిగల్లేదా అని అడిగింది.

"మీ ఎగిరే మిషన్లు ఒక్కటీ మిగలనీలా. చెప్దామని రెండుసార్లు గేటు కాడికొచ్చినా. అపాయింట్‌మెంటు కావాలన్నారు," అన్నాడు గురవయ్య. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది హేమలతకు.

ఆమె లేజర్లన్నీ ఆపించింది. ఆపి లాభం లేదని ఆమెకు తెలుసు. రావాల్సిన తెగులు భూమ్మీద ఎక్కడా లేదు. బల్ల మీద ఫోన్ మోగింది. ఆస్పత్రి నంబరు. మోగి మోగి ఆగింది.

హేమలత ముందు వరసలోకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ చదువు, ముప్ఫై పరిశోధన పత్రాలు ఉన్న మనిషి. ఒక లేత ఆకును అరచేతిలోకి తీసుకుని, రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ, గట్టిగా అంది.

"అబ్బ, ఎంత పచ్చగా ఉన్నావే."

గురవయ్య తల దించుకున్నాడు. ఆమె పక్క మొక్క దగ్గరికి జరిగి మళ్ళీ అదే అంది. తర్వాత ఆ పక్కదానితోనూ అంది. గంట గడిచింది. కాపరి కెమెరాలు ఆకులన్నిటినీ ఓసారి చూసుకుని, తెర మీద రోజూ చూపించే వాక్యాన్నే చూపించాయి: మొక్కలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి.