నా పక్కన కూర్చోవాలి

ఎండాకాలంలో మా షెడ్డుకి ఫోన్లు ఆగవు. ఊళ్ళో కార్లన్నీ ఒక్కసారే అలుగుతాయి. సిగ్నల్ దగ్గర ఒకటి, వంతెన మీద ఒకటి, బడి గేటు ముందు ఒకటి, బానెట్ ఎత్తుకుని ఆవిరి కక్కుతూ నిలబడతాయి. కోడలు ఫోన్ ఎత్తి ఎక్కడో అడుగుతుంది, రేడియేటర్ మూత జోలికి పోవద్దని చెబుతుంది, నన్నో నా కొడుకునో పంపిస్తుంది. ముందు షెడ్డు, వెనక ఇల్లు. నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇదే పని.

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే కొడుకు ఒక మాట అన్నాడు. ఇంకొక్కసారి ఎవరి బండినైనా నడిరోడ్డు మీద వదిలేసి వస్తే, ఆగిన కార్లని లాక్కొచ్చే రికవరీ బండి తాళం తన చేతికిచ్చి నేను ఇంట్లో కూర్చోవాలట.

ముందు వారం ఒకాయన కారుని వదిలేసి వచ్చిన మాట నిజమే. లాగేటప్పుడు తన కారులోనే కూర్చుంటానని పంతం పట్టాడు. నేను కొక్కెం ఊడదీసుకుని వచ్చేశాను. అందులో నా తప్పేముంది? గొలుసు తెగితే లోపల మనిషి గతేమిటి? అందుకే నా బండి తలుపు మీద పెద్ద అక్షరాలతో నేనే రాసి పెట్టాను: 'లాగే బండిలో ఎవరూ ఉండరాదు. దిగి నా పక్కన కూర్చోవాలి.' రాత్రి బడిలో నేర్చుకున్న రాత, వరస తప్పుతుంది. మీ అక్షరాలు కూడా మీలాగే ఎవరి మాటా వినవు మామయ్యా అని కోడలు నవ్వుతుంది.

ఆ తాళం పోతే నాకు మిగిలేది మంచం, పైన తిరిగే ఫ్యాను. ఆ సంగతి కొడుకుతో ఏం చెబుతాం? చూద్దాంలే అని ఊరుకున్నాను.

అంతలో ఫోన్ వచ్చింది. రైలు పట్టాల కింద దారిలో కారు ఆగిపోయింది. అప్పటికే వేరేవాళ్ళు ఇద్దరు వచ్చి, బానెట్ ఎత్తి చూసి, చెప్పకుండా వెళ్ళిపోయారట.

"ఆయన గొంతు ఏదోలా ఉంది మామయ్యా," అంది కోడలు. "మీరు మాత్రం గొడవ పెట్టుకోకండి."

గొడవలు నేనేదో సరదాకి పెట్టుకుంటున్నట్టు!

పైన కళ్ళు చిట్లించుకునే ఎండ. దారి కిందికి దిగగానే పట్టపగలే చీకటి. లైట్లలో సగం చచ్చిపోయాయి, మిగతావి కొట్టుకుంటున్నాయి. మురుగు వాసన, కాలిన రబ్బరు వాసన. పైన రైలు వెళ్తే గోడలు మూలిగినట్టు వినిపించింది. ఎప్పుడూ హారన్లతో చెవులు చిల్లులు పడే చోటు. ఆ రోజు అక్కడ ఆ కారు తప్ప ఇంకేమీ లేదు.

కారు పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. చేతిలో ఖాళీ సీసా.

"మీరు కూడా వెళ్ళిపోతారా?" ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది.

"వెళ్ళను," అన్నాను. నా కారణం నాకుంది.

వేడి తగ్గేదాకా ఆగి, మూత మీద గుడ్డ కప్పి మెల్లగా తిప్పాను. ఆవిరి లేదు. నీళ్ళు చుక్క కూడా లేవు. క్యాను ఎత్తి పోశాను. మొత్తం దిగిపోయింది. ఇంకొకటి పోశాను. అదీ దిగిపోయింది. అన్ని నీళ్ళు అసలు ఏ కారుకీ పట్టవు. వంగి కింద చూశాను, నేల పొడిగా ఉంది. ఆయిల్ పుల్ల తీసి చూశాను. నీళ్ళు కలిస్తే ఆయిల్ తెల్లబడాలి, అది నల్లగానే ఉంది. సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టాను, తడి లేదు.

మరి నీళ్ళెక్కడికి పోతున్నాయి? నాకు ఒళ్ళు మండిపోయింది. ముందొచ్చిన ఇద్దరూ ఎందుకు పారిపోయారో అర్థమైంది. నేను పారిపోలేను. ఇంటి దగ్గర ఒకడు తాళం కోసం చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. పళ్ళు కొరుక్కుంటూ మరో క్యాను వంచాను.

అప్పుడు వినిపించింది.

గుటక్... గుటక్... గుటక్...

ఇంజన్ దగ్గర కాదు. వెనక సీట్లోంచి.

పోయడం ఆపాను. శబ్దం ఆగింది. కాస్త పోశాను. గుటక్...

ఆయన నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఇంకాస్త పోయండి. అమ్మకి సరిపోలేదు."

ముందు నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. అద్దాలన్నీ బిగించి, ఈ ఎండలో, పెద్దావిడని లోపల కూర్చోబెట్టాడు! నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల దించుకున్నాడు. వెనక అద్దం నల్లది, లోపల ఏమీ కనిపించలేదు. దగ్గరికి వంగితే అద్దానికి లోపలి వైపు కాస్త ఆవిరి పట్టి ఉంది. తగ్గింది. మళ్ళీ పట్టింది. ఎవరో ఊపిరి వదులుతున్నట్టు...

ఇక నీళ్ళ సంగతి కాదు, బండి లాగాల్సిందే. లాగాలంటే ఆవిడ దిగాల్సిందే. అద్దం మీద తట్టి, ఎవరికైనా చెప్పే మాటే చెప్పాను.

"అమ్మా, లాగే బండిలో ఎవరూ ఉండకూడదు. దిగి వచ్చి నా పక్కన కూర్చోండి. నా బండిలో నీళ్ళున్నాయి."

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. 

"ఇంతవరకూ ఆవిడని ఎవరూ రమ్మనలేదండీ," అన్నాడు గుసగుసగా.

టక్... లాక్ తెరుచుకుంది.

తలుపు దానంతటదే తెరుచుకుంది. పొయ్యి మీద గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. ఎండకి ఉడికిన సీటు కవరు వాసన. తలనూనె వాసన. లోపల ఎవరూ లేరు. సీటు బెల్టు మాత్రం పెట్టి ఉంది. ఒక మనిషి మీదుగా వేసినట్టు, కాస్త పైకి లేచి ఉంది. నేను చూస్తుండగానే అది ఊడి, సర్రున వెనక్కి పోయింది.

నా పక్క నుంచి ఏదో వెళ్ళింది. వేడిగా.

వెనక్కి తిరిగాను. నా బండి ఒక పక్కకి ఒరిగింది... ఎవరో కాలు పెట్టి ఎక్కినట్టు. తలుపు పడింది.

 ఆవిడ ఎప్పటి నుంచి లోపల ఉంది అని ఎలాగో అడిగాను.

"చిన్న పని ఉండి దిగాను," అన్నాడు. "కదలకుండా కూర్చో, ఇప్పుడే వచ్చేస్తాను అని చెప్పాను."

"ఎప్పుడు?"

"పోయిన ఎండాకాలం."

ఆయన కారెక్కి తాళం తిప్పాడు. వెంటనే స్టార్టయింది. టెంపరేచర్ ముల్లు కిందికి దిగడం కిటికీలోంచి నాకే కనిపించింది. వెనక తలుపు సరిగా వెయ్యకుండానే వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

బండి అక్కడే వదిలి పరుగెత్తాలనిపించింది. బండి వదిలేసి వస్తే తాళం ఇచ్చెయ్యాలి అన్న కొడుకు మాట గుర్తొచ్చింది. అదీ నా బుద్ధి. ఎక్కాను.

లోపల పొయ్యిలా ఉంది. పక్క సీటు బెల్టు పెట్టి ఉంది. తల అటు తిప్పకుండా ఇంటిదాకా నడిపాను. దారి పొడవునా ఎడమ చెవి దగ్గర... గుటక్... గుటక్...

సాయంత్రం ఆ కారాయన ఫోన్ చేసి, మీ పెద్దాయన చాలా మంచివారని కోడలితో చెప్పాడట. కొడుకు కాస్త సిగ్గుపడి, తాళం నీ దగ్గరే ఉంచుకో నాన్నా అన్నాడు. గెలిచాను. ఏం గెలుపో!

ఆ రోజు నుంచీ పొద్దున్నే నా బండికి క్యాన్ల కొద్దీ నీళ్ళు పోశాను. కింద చుక్క పడలేదు. కొడుకు రేడియేటర్ మార్చాడు, పైపులు మార్చాడు, చివరికి ఇంజన్ విప్పుతాను తాళం ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను. మా ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఆవిడ నా బండి దిగాలంటే ఇంకెవరో తన దగ్గరికి రమ్మనాలి. అప్పుడు నేను అలాగే అనుకున్నాను. ఎవరితో అనిపించను? తలుపు మీద రాతకి నల్లరంగు పూశాను. నా పక్కన ఎవరినీ ఎక్కనివ్వలేదు. పక్క సీటు మీద ఒక సీసా నిండుగా పెట్టేవాణ్ణి. దిగేటప్పటికి ఖాళీ.

ఒక మధ్యాహ్నం కునుకు పట్టింది. లేచేసరికి దిండు కింద తాళం లేదు. షెడ్డులో బండి లేదు. రైలు పట్టాల కింద నుంచి ఫోన్ వచ్చిందని, నన్ను లేపడం ఎందుకని నా కొడుకే వెళ్ళాడని కోడలు చెప్పింది. చెబుతుండగానే ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"నాన్నా..." కొడుకు గొంతు ఎండిపోయి ఉంది. "ఇక్కడ కారేమీ లేదు. బండి ఆగిపోయింది. తలుపులు రావడం లేదు... పక్క సీటు బెల్టు నువ్వు పెట్టావా?"

నేను జవాబు చెప్పేలోగా వాడి పక్కనే ఇంకో గొంతు వినిపించింది. ఆడగొంతు. ముసలిది. బుజ్జగిస్తున్నట్టు ఉంది.

"కదలకుండా కూర్చో బాబూ. ఇప్పుడే వచ్చేస్తాను."

తలుపు తీసి వేసిన చప్పుడు. టక్. ఫోన్ ఆగిపోయింది.

షెడ్డు పక్కనున్న టైర్ల షాపతని స్కూటర్ వెనకెక్కి వెళ్ళాను. స్పానరుతో అద్దం పగలగొట్టి నా కొడుకుని బయటికి లాగాం. ఒళ్ళు పెనంలా కాలుతోంది, కానీ ఊపిరి ఉంది. తల మీద నీళ్ళు పోస్తే కళ్ళు తెరిచాడు. పక్క సీటు బెల్టు వదులుగా వేలాడుతోంది. బండిలో ముల్లు కిందికి దిగి ఉంది.

నా కొడుకు బతికాడు. ఆవిడ దిగిపోయింది. అంతకు మించి నాకేమీ అక్కర్లేదనుకున్నాను.

ఇంటికి చేరేసరికి మసక చీకటి పడుతోంది. కోడలు మొగుణ్ణి పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి నాతో అంది.

"మీరు వెళ్ళగానే ఎవరో పెద్దావిడ వచ్చి మంచినీళ్ళు అడిగింది మామయ్యా. పెదాలు పగిలిపోయి ఉన్నాయి, పాపం. లోపలికొచ్చి కూర్చోమన్నాను. మీ గదిలో ఉంది. ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ తాగేసింది... ఇంకా అడుగుతోంది."

నా గది తలుపు మూసి ఉంది. తియ్యబోయి చెయ్యి వేశాను.

తలుపు చుర్రున కాలింది.