కళ్లం అని రాసిన కాలవ

"ఆగండి, ఆగండి! బూట్లు తీసి మరీ తొక్కండి!"

మిరపకాయల మధ్య ఒంటికాలి మీద నిలబడిపోయిన కుర్రాడు బిక్కమొహం వేశాడు. చేతిలో టేపు, చంకలో చుట్ట చుట్టిన మ్యాపు. ఎటు అడుగేద్దామన్నా ఎర్రటి కాయలే.

"బూట్లు తీస్తే తొక్కొచ్చాండీ?"

"తీస్తే మంటేమిటో మీకూ తెలుస్తుందని."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు, తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, ఏడు. బిందుమాధవి వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టింది. ఏడో తుమ్ముకి అతని కళ్లనిండా నీళ్లు. ఆ కళ్లు బాగున్నాయని ఆమెకి అప్పుడే అనిపించింది. అందుకే ఇంకాస్త కోపం తెచ్చుకుంది.

అది రెండువేల ఆరు, ఏప్రిల్ నెల. గుంటూరు దాటి ప్రత్తిపాడు పోయే రోడ్డు పక్కన ఉంది వాళ్ల కాలనీ. కాలనీని ఆనుకుని వెడల్పాటి, లోతులేని కాలవ. వానలప్పుడు నాలుగు వీధుల నీళ్లూ అందులోంచి రోడ్డు కింద తూములో దూరి వాగులోకి పోయేవి. వేసవిలో చుక్క ఉండదు. మిరప కోతలు మొదలయ్యేసరికి కాలవ అడుగు చెక్కి, పేడనీళ్లతో అలికి, అందులోనే కాయలు ఎండబెట్టుకోవడం కాలనీవాళ్ల అలవాటు. బిందు తండ్రి బుల్లయ్య రెండెకరాలు కౌలుకి చేస్తాడు. ఆయన కాయలూ అక్కడే ఎండుతున్నాయి.

ఆ కుర్రాడు లక్ష్మీకాంత్. కాలవ అవతలి చేలు కొని నాగేంద్రబాబు అనే ఆయన వెంచర్ వేస్తుంటే, ఆయన దగ్గర సర్వేయరు.

"ఇదేంటండీ, కాలవా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

బిందు కాయలకేసి చూసుకుంది. కాలవని రాస్తే గవర్నమెంటుది అయిపోతుంది, ఇక కాయలు పోయనివ్వరని ఎవరో అనుకుంటుంటే విని ఉంది.

"కాలవేంటి? కళ్లం. ఆ చేలవాళ్లదే. ఎండబెట్టుకోమని మాకిచ్చారు."

"మరి ఆ తూమెందుకు?"

"పిల్లులు పడుకోడానికి."

అతను తూము వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఆమె వంక కొంచెం ఎక్కువసేపే చూశాడు. తరవాత మ్యాపు మీద 'కళ్లం' అని రాసి, కాలనీ తరఫున ఒక సంతకం కావాలన్నాడు. ఆమె గుండ్రటి అక్షరాలతో పెట్టింది.

"బి.ఏ. కూడా రాశారే!"

"చదివింది దాచుకోడానికా?"

బిందు రోడ్డు మలుపులో ఎస్టీడీ బూత్‌లో పనిచేసేది. అందులోనే జిరాక్స్ మిషను. వారం తిరక్కుండా లక్ష్మీకాంత్ వచ్చి వెంచర్ ప్లాన్ ఇచ్చి, "ఒక కాపీ" అన్నాడు. మర్నాడు మళ్లీ ఒక కాపీ. ఆ మర్నాడు మళ్లీ.

"అన్నీ ఒకేసారి తీయించుకోవచ్చుగా?"

"ఒకేసారి తీయిస్తే రేపేం పని మీద రావాలండీ?"

మిషను వెలుతురులో ఆమె మొహం దాచుకోడానికి లేకపోయింది.

జూన్ వచ్చేసరికి మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఒకరోజు ప్లాన్ మీద ముప్ఫయ్యొకటో నంబరు ప్లాటు చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి ఉంది.

"ఇదెవరిది?"

"నాది. జీతంలో నెలనెలా పట్టుకుంటారు. ఎక్కడో చెప్పు చూద్దాం?"

"నాకేం తెలుసు?"

"నువ్వు నన్ను తిట్టిన చోటే. ఒంటికాలి మీద నిలబెట్టావు చూడు, సరిగ్గా అక్కడ మన వంటిల్లు."

'మన' అన్నాడు. ఆమె ఆ రోజు ఒక కాపీ ఎక్కువ తీసి తన పుస్తకంలో దాచుకుంది. ఆ కాగితం ఎన్నిసార్లు చూసుకుందో! ముప్ఫయ్యొకటి కనిపించింది గాని, దాని అడుగున పోయిన కాలవ మాత్రం ఆమె కంటికి ఆనలేదు.

టిప్పర్లు వచ్చి గ్రావెల్ పోశాయి. తూము నోరు మూసుకుపోయింది. పక్కింటి రసూల్‌బీ, కుట్టుమిషను మీద బతికే మనిషి, బూత్‌కొచ్చి అడిగింది. "ఏమే బిందూ, వానొస్తే నీళ్లెటు పోతాయే?"

"పైపులు వేస్తారంట పిన్నీ."

"ఎవరు చెప్పారు?"

బిందు చెప్పలేదు. చెప్పినవాడి పేరు తలచుకుని నవ్వుకుంది.

ఆగస్టులో ముసురు పట్టింది. మొదటిరోజు బూత్ ముందు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. గొడుగు అతని దగ్గరుంది, తెరవడం ఇద్దరికీ ఇష్టం లేదు. "ఇలా పది రోజులు కురిస్తే బాగుణ్ణు" అన్నాడతను. ఆమె కూడా అలాగే కోరుకుంది.

మూడోరోజు తెల్లవారేసరికి ఇంట్లో మోకాలిలోతు నీళ్లు. పోవడానికి దారిలేక వీధుల నీళ్లన్నీ వెనక్కి తన్నాయి. కోల్డ్ స్టోరేజీలో చోటు లేదంటే బుల్లయ్య కాయలు ఇంట్లోనే పెట్టుకున్నాడు. పదిహేను టిక్కీలు, అన్నీ గోనె మూటలు. తండ్రీకూతుళ్లు ఒక్కో మూట మంచం మీదికి ఎత్తుతుంటే బరువుకి మంచం కోడు విరిగింది. నీళ్లు తీశాక బుల్లయ్య ఒక మూట విప్పి, నల్లబడ్డ కాయల్ని వాసన చూసి, మళ్లీ మూతి కట్టేశాడు. రెండోది విప్పలేదు. రసూల్‌బీ మిషను చక్రం పట్టేసి తిరగనంది.

సోమవారం ఎమ్మార్వో గారొచ్చారు. కాలనీ అంతా బురదలో నిలబడింది. నాగేంద్రబాబు చల్లగా నవ్వి కాగితం తీశాడు.

"కాలవ ఎక్కడుందండీ? కళ్లమని కాలనీ వాళ్లే సంతకం పెట్టారు. బి.ఏ. చదివిన మనిషి."

"ఎవరే అది?" అంది రసూల్‌బీ.

బిందు ముందుకొచ్చింది. "నేనే పిన్నీ. అయ్యా, అది కాలవే. కాయలు పోసుకోనివ్వరని భయపడి అబద్ధం చెప్పాను. తూము సంగతి సర్వేయరు గారు అడిగారు కూడా. ఆయన్నే కనుక్కోండి."

అందరూ అటు తిరిగారు. బిందు అతని కళ్లలోకే చూస్తోంది.

లక్ష్మీకాంత్ బూట్లకేసి చూసుకున్నాడు. "కాయలు పోసి ఉన్నాయండి. కింద ఏముందో... నేను చూళ్లేదు."

ఎమ్మార్వో కాగితం మడిచారు. "మాట మీద కాలవ తవ్వించలేనమ్మా. కొలిచినతను రాసిస్తే చూస్తాను."

"మా కొంప ముంచావు కదే" అంది రసూల్‌బీ. అరవలేదు. అరిచినా బాగుండేది.

సాయంత్రం అతను బూత్‌కొచ్చాడు. చేతిలో ప్లాన్ లేదు.

"నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ప్లాటు పోతుంది. మన కోసమే ఊరుకున్నాను బిందూ. పెళ్లయ్యాక మీ నాన్నగారిని కూడా అక్కడికే తెచ్చుకుందాం. మెరక కదా, చుక్క నీరు రాదు."

"మనింటికి రావలసిన చుక్క రసూల్‌బీ పిన్ని ఇంట్లోకి పోతుంది. అంతేగా?"

"నువ్వు మాత్రం చెప్పలేదా అబద్ధం?"

"చెప్పాను. నా అబద్ధం నేను ఒప్పుకున్నాను. నీది నువ్వు దాచుకో."

పుస్తకంలో దాచిన కాపీ తీసి బల్ల మీద పెట్టింది. అతను అది తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత పది రోజులూ కాలనీలో ఎవరూ బిందుతో మాట్లాడలేదు. బుల్లయ్య కాయల మూటలు గోతిలో పూడ్చి, మిర్చి యార్డులో మూటలు మోసే కూలికి పోతున్నాడు.

పదకొండో రోజు జేసీబీ వచ్చింది. ముందుగా దాని పళ్లు దిగింది ముప్ఫయ్యొకటో ప్లాటులోనే. గ్రావెల్ లేచింది, కింద పాత తూము రాయి బయటపడింది. మళ్లీ ముసురు పట్టి వీధుల్లో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా కదిలాయి. కాలనీ జనం కేకలేశారు. బిందు మాత్రం గట్టున ఓ పక్కగా నిలబడింది.

అవతలి గట్టున లక్ష్మీకాంత్. గడ్డం పెరిగింది. తూము చూశానని, అడిగానని, తెలిసే రాశానని రాసిచ్చాడట. మర్నాడే పనిలోంచి తీసేశారట.

"బిందూ! అద్దంకిలో పని చూసుకున్నాను. వెళ్లేముందు..."

నీళ్ల హోరులో మిగతాది వినబడలేదు.

"గట్టిగా చెప్పు!"

"తప్పయిపోయింది! నీ మీద ఇష్టం మాత్రం అబద్ధం కాదు! ఇటు దిగి రానా?"

ఆమెకి ఆ సోమవారం అతను చూసుకున్న బూట్లు గుర్తొచ్చాయి. వాటి మీద ఇప్పుడు బురద.

"దిగకు. కళ్లం కాదది, కాలవ. రావాలంటే రోడ్డు మీదుగా చుట్టు తిరిగి రావాలి."

"అంత చుట్టు తిరగాలా!"

"తూము మూసినవాళ్లకి ఆపాటి తెలిసే ఉంటుంది."

అతను వచ్చేదీ పోయేదీ చూడకుండా ఆమె ఇంటికి తిరిగింది. వాకిట్లో బుల్లయ్య బురద ఎత్తిపోస్తున్నాడు. కూతురు మొహం చూసి పార ఆపాడు.

"ఆ కుర్రాడేనా? వస్తాడంటావా?"

"ఏమో నాన్నా."

ఆయన మళ్లీ బురదలోకి వంగాడు. "వస్తే ఏం చేద్దామే?"

బిందు కొంగు బిగించి తట్ట అందుకుంది.

"మూలన ఇంకో పార ఉందిగా. ముందు రసూల్‌బీ పిన్ని వాకిట్లో బురద ఎత్తిపోయమందాం."