ఫ్రాడ్ డెస్క్‌లో అమ్మ

మొదటి తూటా బ్యాంకు గాజు తలుపును పగలగొట్టింది. రెండోది తాబేలు గొంతులో దిగింది.

తాబేలు అన్నది మారుపేరు, మనిషి గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆరితేరిన ఏజెంట్. మెట్ల మీద బోర్లా పడ్డాడు. నెత్తురు కారుతున్న పిడికిట్లో క్రెడిట్ కార్డు బిల్లు నలిగిపోయింది. ఆ కార్డు అతను ఏనాడూ తీసుకోలేదు. ఆ ముక్క లోపల చెప్పుకుని అప్పుడే బయటికొచ్చాడు.

"ఇది మూడో చావు," అన్నాడు చీఫ్, తెర మీద వీడియో ఆపేసి. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఎదురుగా ఏజెంట్ పిచ్చుక కూర్చుంది. బక్కపలచని మనిషి. ఆమెతో కలబడ్డవాళ్లు మాత్రం ఆ మాట ఒప్పుకోరు.

"విదేశీ ముఠాకి మన ఏజెంట్ల అసలు పేర్లు చిక్కాయి. మొహాలు చిక్కలేదు. అందుకని ఒక్కో పేరు మీద దొంగ కార్డు తెరిచి ఎడాపెడా వాడేస్తున్నారు. బిల్లు ఇంటికి వస్తుంది. మనవాడు గుండె గుభేలుమని బ్యాంకుకి పరిగెడతాడు. ఆ పేరు నాదే, కార్డు నాది కాదు అంటాడు. అంతే, మొహం దొరికిపోతుంది."

"ఇప్పుడు ఎవరి వంతు సర్?"

"నీదే. నువ్వు మాత్రం బ్యాంకు ఛాయలకు పోకు. అక్కడ మోసాల ఫిర్యాదులు చూసే ఫ్రాడ్ డెస్క్‌లో మన నెమలి ఉంది. తను చూసుకుంటుంది."

డిపార్ట్‌మెంట్ రూల్ ప్రకారం ఏజెంట్లు ఒకరి మొహం ఒకరు చూడరు. నెమలి గొప్ప అందగత్తె అని పిచ్చుక వినడమే. తెలిసింది ఫోన్‌లో గొంతు ఒక్కటే.

లేవబోతూ ఆగింది. "బిల్లు ఏ అడ్రస్‌కి వెళ్లింది సర్?"

"నీ పాత అడ్రస్‌కి."

"అక్కడ మా అమ్మ ఉంది."

అమ్మకి ఫోన్ చేస్తే పక్కింటావిడ ఎత్తింది. "మీ అమ్మ ఫోన్ మర్చిపోయి బ్యాంకుకి వెళ్లిందే తల్లీ. నా కూతురి పేరు మీద అప్పు చేసినవాడి అంతు చూసి వస్తానని ఒకటే రంకెలు. సాక్ష్యానికి ఉంటుందని నీ ఫొటో కూడా పట్టుకెళ్లింది."

పిచ్చుక వెంటనే నెమలికి ఫోన్ కలిపింది. "మా అమ్మ అక్కడికి వచ్చిందా?"

"లేదక్కా. ఇక్కడ ఎవరూ లేరు. నువ్వు కంగారుపడకు."

ఫోన్‌లో వెనక నుంచి అమ్మ గొంతు. "ఆ ఏసీ కాస్త తగ్గించమ్మా, మోకాళ్లు పట్టేస్తున్నాయి."

పిచ్చుక ఫోన్ పెట్టేసింది. పేర్లు అమ్మిందెవరో తెలిసిపోయింది. "గూట్లో పాము," అని పెద్దాయనకి కోడ్ మాట చెప్పి బయటికి దూకింది.

కొరియర్ జాకెట్, హెల్మెట్, చేతిలో అట్టపెట్టెతో పిచ్చుక బ్యాంకులోకి వెళ్లింది. ఫ్రాడ్ డెస్క్ గది ముందు సెక్యూరిటీ యూనిఫాంలో దున్నపోతు లాంటివాడొకడు అడ్డం నిలబడ్డాడు.

"పార్సిల్ ఎవరికి?"

"నీకే."

పెట్టెలోంచే సైలెన్సర్ పిస్టల్ పేలింది. వాడి మోకాలి చిప్ప చితికింది. అరవబోతే హెల్మెట్‌తో మూతి మీద ఒక్కటిచ్చింది. పళ్లు రాలి నేల మీద దొర్లాయి. అంతలో వెనక నుంచి ఇంకొకడు ఆమె మెడకు తీగ బిగించాడు. కళ్లు బైర్లు కమ్ముతుంటే జేబులోంచి పెన్ను లాగి వాడి తొడలో కసుక్కున దించింది. ఆ పెన్ను రాయడానికి పనికిరాదు. వాడు నురగలు కక్కుతూ జారిపోయాడు.

తలుపు తన్నింది.

అమ్మ కుర్చీలో ఉంది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఖాళీ సంచిని ఇంకా గుండెలకు హత్తుకునే ఉంది. ఆమె కణతకు పిస్టల్ ఆనించి, పట్టు జుట్టు భుజాల మీద పరుచుకుని, నెమలి నవ్వింది. పక్కన కంప్యూటర్ తెర మీద పిచ్చుక ఫొటో.

"ఈ బటన్ నొక్కితే నీ మొహం మా వాళ్లందరికీ చేరిపోతుంది. పిస్టల్ కింద పెట్టు అక్కా."

పిచ్చుక పెట్టేసింది.

"ఫొటో ఇవ్వనన్నానని కొట్టింది," అంది అమ్మ. "కార్డు సంగతి అడిగితే మాత్రం నోరు మెదపదు."

"ముసలిదానా, నోర్ముయ్."

నెమలి వేలు బటన్ మీదికి వెళ్లింది. చూపు అటు తిరిగింది. అమ్మ చటుక్కున తల తిప్పి పిస్టల్ పట్టుకున్న మణికట్టును కొరికేసింది. తూటా సీలింగ్‌లోకి పోయింది. పిచ్చుక బల్ల మీదుగా ఎగిరి నెమలి మొహాన్ని తెరకేసి కొట్టింది. వెంట్రుకవాసిలో వేలు బటన్ తప్పింది. తెర భళ్లున పగిలింది. నెమలి గాజు పెంకు అందుకుని పిచ్చుక చేతిని మోచేతి దాకా చీల్చింది. పిచ్చుక నెమలి చేతిని మెలితిప్పి, ఆ పెంకునే ఆమె మెడలోకి నెట్టింది. నెమలి కాళ్లు కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి.

పిచ్చుక రొప్పుతూ కంప్యూటర్ వైరు పీకేసింది.

"చెయ్యి చూపించు," అంది అమ్మ. సంచి చించి కట్టు కట్టింది. ముడి గట్టిగా వేసింది. "నీ ఉద్యోగం గురించి ఇంటికెళ్లాక మాట్లాడతాను."

"సరేనమ్మా."

గది బయటి కౌంటర్ కింద నుంచి క్యాషియర్ పాక్కుంటూ వచ్చి తలుపులోంచి తల పెట్టాడు. శవాల వంక చూడకుండా చూపు అమ్మ మీదే నిలిపాడు. "కార్డు క్యాన్సిల్ చేసేస్తాం మేడమ్. మా సర్వీస్ మీద మీ అభిప్రాయం ఏమైనా..."

అమ్మ పెదవి తుడుచుకుంది. "సిబ్బందికి మర్యాద తెలీదని రాసుకో."