పోగు తెగలేదు, కూసో

రీడింగ్ రూమ్‌లో మాట్లాడకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అందుకే ఎదుటి కుర్చీలోని అమ్మాయి గొంతెత్తలేదు. పెదవులు మాత్రం కదిపింది.

"ఓ భాయ్! జర కాలు ఆపుతవా? బల్లంత ఊగుతుంది."

ఇసుమంత చప్పుడు కూడా బయటికి రాలేదు. అయినా పరుశురాంకు ప్రతి మాటా అందింది. సూరత్‌కు వలసొచ్చిన తెలుగు నేతన్నల లింబాయత్‌లో సాంచెల మధ్య పెరిగినవాడు మరి. మరమగ్గాలు మోగేచోట చెవులతో పని జరగదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవాల్సిందే.

"ఏ కాలు?" అని అతనూ పెదవులతోనే అడిగాడు.

"నావి రెండూ ఆపుకునే ఉన్న. ఇగ మిగిలింది నీయే."

పక్కన పేపరు చదువుతున్న పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

పరుశురాంకు నవ్వు ఆగలేదు. "సాంచెలోళ్ల పిల్లవా?"

"సోమలింగం మేస్త్రి బిడ్డను. పేరు హారతి. ఇగ చదువుకోనీ."

సాయంత్రం మెట్ల దగ్గర చాయ్ తాగుతుంటే తెలిసింది, ఆమె కూడా ఎం.టెక్. సీటు కోసం గేట్ రాస్తోందని. ఆమెది కంప్యూటర్స్, అతనిది టెక్స్‌టైల్స్. ఇద్దరి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే.

"మాక్ టెస్టుల ఎంతొస్తుంది, పరుశురాం భాయ్?"

సూరత్‌లో ఎవరినైనా భాయ్ అనే పిలుస్తారు. కూరగాయల బండివాడూ భాయే, మార్కెట్‌లో శేటూ భాయే. ఆ సంగతి అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆమె నోట వింటే మాత్రం ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది.

"ఇంట్ల రాస్తే మంచిగనే వస్తయి. ఈడ రాస్తే సగానికి పడిపోతున్నయి. ఈడ రాసిన పేపర్లే కష్టమొచ్చినయేమో."

"పేపర్లు కాదు. నువ్వు రెండు ప్రశ్నలకొకసారి తల లేపి చూస్తున్నవ్. నెగటివ్ మార్కులు పడక ఏమైతయి?" అని, చాయ్ గ్లాసులోకి చూస్తూ అంది, "నన్నే చూస్తున్నవనుకున్న. రేపు కుర్చీ మారుద్దామనుకుంటున్న."

"అయ్యో, నిన్ను కాదు!"

"కాదా?"

ఆ 'కాదా'లో కోపం తగ్గిందో పెరిగిందో అతనికి అర్థం కాలేదు.

"నిజంగ నిన్ను కాదు. ఎందుకు లేపుతున్ననో నాకే తెలుస్తలేదు. మా అర్ర కిందనే ఖాతా, సాంచెల షెడ్డు. పొద్దంత సాంచెలు ఆడుతనే ఉంటయి. ఆడ కూసుంటే తల లేవదు."

హారతి గ్లాసు కింద పెట్టింది. "సాంచె ఆగిందంటే ఏంది?"

"పోగు తెగినట్టు. లేకుంటే కరెంటు పోయినట్టు. ఉరికి చూడాలె."

"మరి ఈడ మోతే లేదు గదా. నీ పానం పొద్దటి నుంచి తెగిన పోగు ఎతుక్కుంటుంది. పరీక్ష హాల్ల నీకోసం ఎవరు సాంచెలు నడుపుతరు?"

పరుశురాం మనసులో లెక్కేసుకున్నాడు. ఇన్నాళ్లూ తనవే అనుకున్న మార్కుల్లో సగం సాంచెల చప్పుడివేనా? తండ్రి రాజనర్సుతో అతను చేసుకున్న ఒప్పందం ఈ ఒక్క ఏడాదికే. సీటొస్తే చదువు. రాకపోతే హోళీ దాటగానే ఖాతా యజమాని శేటుకు చెప్పి, తండ్రి పక్క వరసలోని సాంచెలు తనే పట్టాలి. తండ్రికి మోకాళ్లు నిలబడనీయడం లేదు. కాదనే మొహం కొడుక్కి లేదు.

ఆ రోజు నుంచి హారతి మాటే చట్టమైంది. ఇంట్లో టెస్టులు రాయడం బంద్. రాస్తే పూర్తి మూడు గంటలూ నిశ్శబ్దంలోనే. ఫోన్ మీద కాదు, ఆమె పాత ల్యాప్‌టాప్ మీద. కాలిక్యులేటర్ కూడా తెర మీదిదే, మౌస్‌తోనే నొక్కాలి. రాయడం అయ్యాక తప్పులన్నీ తిరగేయాలి.

"ఇది రాక తప్పు పోయిందా, తొందరల పోయిందా, పోగు కోసం పోయి పోయిందా?" అని అడిగేది ప్రతి తప్పుకూ.

సాంచెలకు వారపు సెలవైన రోజే రీడింగ్ రూమ్‌కూ సెలవు. "ఆ దినం మీ ఖాతాలనే రాయి. ఆగిన సాంచెల నడుమ కూసోగలిగితే యాడనైన కూసుంటవ్" అంది హారతి.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె కూడా వచ్చింది. ఖాతా తాళంచెవి రాజనర్సు దగ్గరే ఉంటుంది. భుజం మీద తువ్వాల వేసుకుని ఆయనే కాపలా కూర్చున్నాడు. బయట వాన మొదలై గుమ్మం ముందరి రేకుల మీద కొంచెంసేపు టపటపమని ఆగిపోయింది. అంతే, పరుశురాం లేచాడు. నేరుగా సాంచె దగ్గరికి వెళ్లి, వంగి పడుగు నిమిరాడు.

రాజనర్సు పడీపడీ నవ్వాడు. "పోగు తెగలేదు కొడుకా, కూసో!"

హారతి కూడా నవ్వింది. మళ్లీ అతని తల లేచినప్పుడు, చప్పుడు లేకుండా పెదవులతో అదే మాట అంది. 'పోగు తెగలేదు, కూసో.' ఆ తర్వాతి వారాల్లో ఆ మాట అవసరం తగ్గుతూ వచ్చింది. మార్కులు పెరుగుతూ వచ్చాయి. పరుశురాం తల మాత్రం అప్పుడప్పుడూ అవసరం లేకపోయినా లేచేది.

పరీక్ష రోజు హాలంతా ఏసీ చల్లదనం, మౌస్ నొక్కుళ్లు. ఒక పెద్ద లెక్క మధ్యలో అతని మెడ దానంతటదే లేచింది, దానితో మనిషీ సగం లేచాడు. ఎదురుగా ఖాళీ గోడ. ఆ గోడ మీద రెండు పెదవులు కదిలినట్టు అనిపించింది. కూర్చున్నాడు. లెక్క పూర్తి చేశాడు.

తర్వాత రీడింగ్ రూమ్‌కు వెళ్లడానికి ఇద్దరికీ సాకు లేకుండా పోయింది. పరుశురాం తండ్రికి సాయంగా ఖాతాలో నిలబడ్డాడు. ఫలితాలొచ్చిన రోజు హారతి ఆయాసపడుతూ ఖాతా గుమ్మంలోకి వచ్చింది. లోపల సాంచెలన్నీ హోరెత్తుతున్నాయి.

"వచ్చిందా?" ఆమె పెదవులు అడిగాయి.

"సీటొచ్చే మార్కులే. నీకు?"

"నాకూ వచ్చింది!"

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పరుశురాం తండ్రి వైపు చూశాడు. ఆయన దూరంగా, వరస చివర, ఇటు వీపు పెట్టి బాబిన్ మారుస్తున్నాడు. ఇంతకంటే మంచి అదను దొరకదు.

"ఆ దినం నిన్ను చూస్తలేనన్న గదా. ముందుగాల్ల పోగు కోసమే లేపిన తల. అటెన్క నీకోసమే."

"నాకెర్కే. పోగు కోసం చూసేటోడు కిందికి చూస్తడు. నువ్వు నా మొహం దిక్కు చూసినవ్."

"మరి చెప్పకపోతివి?"

"పరీక్ష కానీ అనుకున్న."

"ఇగ ఆ భాయ్ అనుడు ఎప్పుడు బంద్ చేస్తవ్?"

హారతి చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "చేసిన, పరుశురాం."

పేరొక్కటే. వెనక తోక లేదు. అంత మోతలోనూ అతనికది గుసగుసలా వినిపించింది.

అప్పుడు చూశాడు. వరస చివర రాజనర్సు ఇటే తిరిగి, సాంచె మీద మోచెయ్యి ఆనించి, ఎంతసేపటి నుంచో వీళ్ల పెదవులే చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా పెదవులు చదువుతున్న మనిషి. హారతి గబుక్కున గుమ్మం చాటుకు తప్పుకుంది.

రాజనర్సు మొహంలో కోపం లేదు. నిదానంగా, ఒక్కో మాటా స్పష్టంగా పెదవులతో అన్నాడు.

"సోమలింగం మేస్త్రితోని నేను మాట్లాడుత. చదువులు కానీయుండ్రి. ముందుగాల్ల నీ పక్క సాంచె చూడు. ఎప్పుడో ఆగింది."

పరుశురాం తిరిగి చూశాడు. నిజమే. పోగు తెగి ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పక్కనే సాంచె ఆగినా అతని తల అటు తిరగలేదు.