రెండో ప్రయాణికురాలు

పళ్ళ డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్న మనిషి తన నంబరు పిలిచినా లేవలేదు. మూడోసారి పిలిచాక నర్సు వచ్చి భుజం తట్టింది. ప్రాణం పోయి గంటయింది. మెడ మీద దోమ కుట్టినంత గుర్తు. జేబులో ఓడ ప్రయాణాల బ్రోచర్, అందులో నాలుగు ఓడల చుట్టూ పెన్సిలు గీతలు.

"మనవాడే," అన్నాడు చీఫ్, బ్రోచర్‌ని బల్ల మీద ముందుకు తోస్తూ. "ఆ ట్రావెల్ ఏజెన్సీ మీద నెల్లాళ్ళుగా కన్నేసి ఉంచాడు."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును ఆఫీసులో అందరూ మాస్టారు అంటారు. బడిలో పాఠాలు చెప్పినందుకు కాదు, ఎవరి తప్పునీ వదిలిపెట్టడని.

"విషయం చెప్పండి," అన్నాడు మాస్టారు.

"సముద్రం అడుగున మన రక్షణ శాఖ కేబుళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ మ్యాపు మొత్తం మైక్రోఫిల్మ్‌కి ఎక్కించుకుని మన ఇంజినీరమ్మ మాయమైంది. ఎయిర్‌పోర్టుల్లో కాపలా పెట్టాం. శనివారం ఈ నాలుగు ఓడలు బయల్దేరుతున్నాయి. విదేశీ ముఠా ఆమెను ఏదో ఒకదానిలో దాటిస్తుంది. ఏ ఓడ? ఏ పేరు మీద?"

"నాలుగూ ఆపెయ్యండి."

"ఆపితే ఆమె ఎక్కదు. ఇంకో దారి వెతుక్కుంటుంది."

"నేనే ఎందుకు?"

"భార్య పోయిన మనిషి ఒంటరిగా ఓడెక్కి తిరగాలనుకుంటున్నాడు. అదీ కవర్. నువ్వయితే నటించక్కర్లేదు."

మాస్టారి ముఖంలో ఏదీ కదల్లేదు. జేబులో ఫోను గుర్రుమంది. తీసి చూశాడు. 'ఇంక నాలుగే రోజులు! మీ ఇద్దరి కలల ప్రయాణానికి సిద్ధమేనా?' వేలితో తుడిచేశాడు. ఎనిమిది నెలలుగా తుడిచేస్తూనే ఉన్నాడు. భార్య బతికుండగా ఫోన్లో బుక్ చేసిన ప్రయాణం అది. రద్దు చేయడానికి ఒక్క కాల్ చాలు. ఆ కాల్‌లో చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆ ముక్క నోరు దాటలేదు. ఇప్పుడు చీఫ్ ముందూ దాటలేదు.

"ఏజెన్సీలో నెమలి అని ఒకామె ఉంది," అన్నాడు చీఫ్. "మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఎవరికెంత అన్నది ఆమెకే తెలియాలి."

*

ఏజెన్సీ గోడల నిండా నీలం రంగే. నెమలి కూడా నీలం చీరలోనే ఉంది. ఆమె లేచి నిలబడితే గదిలో మిగతా ముగ్గురు గుమాస్తాలూ పని ఆపారు. మాస్టారు తెల్లగడ్డం అతికించుకుని, మందపాటి కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. కళ్ళజోడు కాడలో మైకు ఉంది.

"కిటికీ లేని గది కావాలి," అన్నాడు. అది కోడ్.

"సముద్రం చూడకపోతే సముద్రం మీదికెందుకండీ?"

"నిద్రపోవడానికి."

కోడ్ కలిసింది. ఆమె అతని ముఖం వైపు కాస్త ఎక్కువసేపే చూసింది. "ఒక్కరేనా, ఇద్దరా సార్?"

మాస్టారు పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "ఒక్కణ్ణే."

"ఒక్కరయినా గదికి ఇద్దరి డబ్బూ కట్టాలండీ. కంపెనీ లెక్కలో ఒంటి మనిషి ఉండడు." ఆమె నాలుగు బ్రోచర్లు పరిచింది. గుమాస్తాలు వింటున్నారు, కాబట్టి మాటలన్నీ వ్యాపారంగానే నడవాలి.

"ఇది నది మీద తిరిగేది. ప్రశాంతంగా ఉంటుంది. నూరు మందే."

"నూరుమందిలో రెండోరోజుకే నా పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసిపోతాయి. వద్దు."

"ఇది మంచు కొండల వైపు. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఎక్కేముందు వాళ్ళ డాక్టరు కూడా చూస్తాడు."

"నన్నెవరూ అంత దగ్గరగా చూడక్కర్లేదు."

"ప్రపంచమంతా చుట్టేది ఉంది. నాలుగు నెలలు. పన్నెండు దేశాల వీసాలు."

"పన్నెండు చోట్ల వేలిముద్రలు. వద్దు. ఇంకేముంది?"

"పెద్ద ఓడ. మూడువేల మంది. పిల్లలు, ఈతకొలనులు, పాటకచేరీలు, గోల. పక్క గదిలో ఎవరున్నారో ఎవరికీ పట్టదు."

మైకులో చీఫ్ వింటున్నాడు. దాక్కునేవాళ్ళకి సరిపోయే ఓడ దొరికింది. పేరు దొరకాలి.

"కొత్తగా బుక్ చేసినవాళ్ళను పోలీసులు జల్లెడ పడుతున్నారటగా?" అన్నాడు మాస్టారు.

"కొత్తవాళ్ళనే సార్. ఏడాది కిందట బుక్ చేసిన జంటల జోలికి ఎవరొస్తారు?" ఆమె గొంతు తగ్గింది. "వాళ్ళలో ఈలోగా ఒకరు పోయినవాళ్ళుంటారు. ఉన్న మనిషి ఫోన్ చేసి చెప్పడు. చేతకాదు. పోయిన మనిషి సీటు మాత్రం అలాగే ఉంటుంది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది మసకబారలేదు.

*

శనివారం సాయంత్రం అయిదింటికి ఓడ కదలాలి. నాలుగూ ముప్పైకి రేవు కంప్యూటరు ముందు మాస్టారు కూర్చున్నాడు. పాత జంట బుకింగుల్లో ఒక్కరే వచ్చిన గదులు మూడు. మొదటి గదివాళ్ళ రెండో మనిషి టాక్సీలో ఉంది. రెండో గదివాళ్ళు విడాకులు తీసుకున్నారు. మూడో గది ఎనిమిదో అంతస్తు, బాల్కనీ ఉన్నది. ప్రయాణికుడు రాలేదు. ప్రయాణికురాలు పది నిమిషాల కిందట ఎక్కింది.

తెర మీదున్నది అతని భార్య పేరు.

పక్కనున్న కస్టమ్స్ ఆఫీసరు అడిగాడు. "పోలీసుల్ని ఎక్కించనా?"

"యూనిఫాం కనబడగానే ఫిల్మ్ చేతులు మారుతుంది. ప్రయాణికుడు ఎక్కితే ఎవరూ చూడరు."

గడ్డం పీకి చెత్తబుట్టలో వేశాడు. అసలు పాస్‌పోర్టు జేబులోనే ఉంది. పొద్దున దాన్ని ఎందుకు పెట్టుకున్నాడో తనను తాను అడగలేదు.

ఓడ ద్వారం దగ్గర కౌంటరమ్మాయి పాస్‌పోర్టు గీకింది. పచ్చదీపం వెలిగింది. "స్వాగతం సార్. మేడమ్ ముందే వెళ్ళారు. మీరు వెనకాల వస్తున్నారని చెప్పారు."

"మంచిది," అన్నాడు. తాళంకార్డు తీసుకున్నాడు.

తలుపు తెరిచేసరికి బాల్కనీ కుర్చీలో ఇంజినీరమ్మ కూర్చుని ఉంది. ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు. "ఎవరు మీరు?"

"ఈ గదిలో రెండో మనిషిని."

"ఇంకో అడుగేస్తే కాల్చేస్తా."

అతను అడుగేశాడు. ఇంకోటి వేశాడు. ఎదుటివాడి కళ్ళలో భయం ఉంటే కాల్చడం తేలిక. అక్కడ భయం లేదు, కోపం లేదు, తొందర కూడా లేదు. ఆమె వేలు బిగుసుకుంది గాని నొక్కలేదు. ఆ అరక్షణం చాలింది. మణికట్టు మెలిపెట్టాడు. పిస్తోలు కార్పెట్ మీద పడింది. ఫైలు ప్రకారం ఆమెకు చెవుడు లేదు, చెవిలో మాత్రం హియరింగ్ ఎయిడ్ ఉంది. మైక్రోఫిల్మ్ అందులోనే. ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"చెయ్యి పట్టుకుని నడువు," అన్నాడు. "మొగుడూ పెళ్ళాల్లాగా."

నాలుగూ యాభై ఎనిమిది. మెట్లవంతెన లాగడానికి ఇద్దరు మనుషులు గొలుసులు పట్టుకున్నారు. కౌంటరమ్మాయి కంగారుపడింది. "దిగిపోతున్నారేంటి సార్? మేడమ్‌కి ఒంట్లో బాలేదా?"

"అవును," అన్నాడు మాస్టారు. "ఎనిమిది నెలలయింది."

వాళ్ళ కాళ్ళు రేవును తాకాక వెనక గొలుసు గలగలలాడింది. ఓడ కూత వేసింది.

*

ఇంజినీరమ్మను జీపు ఎక్కించారు. నెమలి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"మీ ముఖం నాకు ముందే తెలుసు," అంది. "బుకింగ్‌లో ఇద్దరి పాస్‌పోర్టులూ ఉంటాయి. గడ్డం పెట్టుకున్నా చెవులు మారవు మాస్టారూ. ముఠావాళ్ళు పేరు అడిగితే నా దగ్గర పోయినవాళ్ళ పేర్లు నాలుగున్నాయి. మీరు తప్పకుండా పట్టుకునేది ఇచ్చాను."

మాస్టారు రేవు దాటుతున్న ఓడ వైపు తిరిగాడు.

"బుక్ చేసినప్పుడు అమ్మగారు గంటసేపు మాట్లాడారు నాతో. మా ఆయనకి కిటికీ లేకపోయినా పర్లేదు, పడుకుంటే చాలు, నాకు మాత్రం బాల్కనీ కావాలన్నారు."

"ఆమె పేరు వాడుకోవడానికి నీకు ఎవరూ చెప్పలేదు."

"మీరు రద్దు చెయ్యలేదుగా."

అది నిజమే. నెమలిని క్షమించలేదు, తనను కూడా. ఫోను తీసి అక్కడే నిలబడి రద్దు ఫారం తెరిచాడు. కారణం టిక్కు పెట్టమంది. తేదీలు కుదరలేదు. ధర నచ్చలేదు. వేరే ఓడ చూసుకున్నారు. ఇతరములు.

'ఇతరములు' నొక్కాడు.

వెంటనే జవాబు వచ్చింది. 'తెలిపినందుకు ధన్యవాదాలు. ఓడ ఇప్పటికే బయల్దేరినందున మీ ఇద్దరూ ప్రయాణం చేసినట్టే నమోదయింది. ప్రయాణం ఎలా ఉంది?'

మాస్టారు అయిదు చుక్కల్లో మూడు నొక్కాడు. గది బాగుంది.