వెనక చక్రాల సంగతి

“ఈ మోడల్‌కి వెనక అడ్డంగా ఒకటే బీమ్ ఉంటుందండీ. ఒక చక్రం ఎగిరితే రెండోది కూడా ఊగుతుంది. కళ్ళు మూసుకుని చెప్తాను,” అంది స్పేర్‌పార్ట్స్ కొట్టు అమ్మాయి పోయిన వారం. నిజంగానే కళ్ళు మూసుకుని చెప్పింది. అదే కొంప ముంచింది.

ఇవాళ, ఆ మాట నమ్మి వెనక చక్రాలకి రబ్బరు బుష్‌లు కొనుక్కెళ్ళిన పళ్ళ డాక్టరు, ఆ పెట్టె పట్టుకుని వానలో మళ్ళీ ఊడిపడ్డాడు. “ఇవి సరిపోలేదండీ.”

ఈ నెల ఒక్క సరుకు కూడా తిరిగి రాకపోతే కౌంటర్ పూర్తిగా ఆమెకే ఇస్తానని నాన్న మాటిచ్చాడు. నెల ఇవాళ్టితో ఆఖరు. నాన్న వెనక గదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు గానీ, చెవులు ఇటే ఉన్నాయి.

“మీ మెకానిక్‌కి బిగించడం రాలేదేమో.”

“వచ్చు. నన్ను చూసి నవ్వడం కూడా వచ్చు.”

“పదండి, నేనే చూస్తాను.”

కారు కొట్టు ముందు రేకుల కింద ఉంది. ఇద్దరూ అట్టముక్కలు పరుచుకుని వెనక బంపర్ కింద దూరారు. అతను ఫోన్ లైటు వేశాడు.

“నోరు పెద్దగా తెరవమనండి,” అంది ఆమె వెటకారంగా.

ఆ వెటకారం అక్కడే ఆగిపోయింది. చక్రం నుంచి చక్రానికి ఉండాల్సిన లావు బీమ్ లేదు. సన్నటి ఆర్మ్‌లు ఏ చక్రాన్ని ఆ చక్రానికే విడిగా పట్టుకుని ఉన్నాయి. మల్టీలింక్. పెద్ద ఇంజిన్ బండికి ఇదే వస్తుందని ఆమెకు తెలియక కాదు. ఇంజిన్ ఏదని అడగడమే మర్చిపోయింది. ఆ రోజు అతని నవ్వు చూస్తూ నిలబడితే ఇంకేం గుర్తుంటుంది?

“తప్పు నాదని చెప్పేస్తాను,” అన్నాడతను గొంతు తగ్గించి. “నా కారనుకుని పక్క కారు కింద చూసొచ్చి, మీకు తప్పు చెప్పానంటాను. పళ్ళ డాక్టర్ని కదా, నమ్ముతారు.”

ఒక్క అబద్ధంతో కౌంటర్ ఆమెదైపోతుంది. ఒప్పుకోవాలనే అనిపించింది.

“వద్దండీ. అలా వచ్చిన కుర్చీలో నాకు కుదురుండదు.”

లోపలికెళ్ళి, “నాన్నా, తప్పు నాదే. బండి కింద చూడకుండా ఇచ్చాను,” అంది.

నాన్న పేపరు మడిచాడు. “విన్నానమ్మా. రేకుల కింద గుసగుసలు ఈ గదిలోకి శుభ్రంగా వినిపిస్తాయి.” తాళంచెవులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. “సరుకు తిరిగి రావడం ఏ కొట్టులోనైనా ఉండేదే. కౌంటర్ నీదే.”

తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. “బాబూ, బుష్‌ల కోసం మెకానిక్‌ని పంపొచ్చు కదా?”

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. “పంపొచ్చండీ. నాకే రావాలనిపించింది.”

నాన్న అతన్ని ఎగాదిగా చూసి, “మూడు టీలు చెప్పొస్తాను. మెల్లగా వస్తాలే,” అంటూ గొడుగు అందుకున్నాడు.

ఆమె సరైన పెట్టె తీసి ముందుకు జరిపింది. “మీ బండి చక్రాలు దేని దారి దానిదే. ఒకటి గుంతలో పడ్డా రెండోదానికి పట్టదు.”

“బండికి అది బాగానే ఉంటుంది. నాకు మాత్రం మీరు మొదట చెప్పిన రకమే కావాలండీ.”

ఆమె తల వంచుకుంది, నవ్వు దాగలేదు. “ఆలోచించుకునే అడుగుతున్నారా?”

“బండి కింద పడుకుని మరీ ఆలోచించాను.”

“అయితే వినండి,” అంది కొత్త కౌంటర్ యజమానురాలు. “ఆ సరుకు మాత్రం ఈ కొట్టులో వాపసు తీసుకోం.”