మొండిగుడి గోడలో సంతోషమ్మ

కోడుమూరు నుంచి పడమరకు పోయే బండ్లబాటలో, ఎర్రనేల అయిపోయి నల్లరేగడి మొదలయ్యే చోట ఒక మిట్ట ఉండేది. మిట్టమీద కప్పు లేని నాలుగు గోడలు. ఊళ్లో దాన్ని మొండిగుడి అనేవాళ్లు. పొద్దు వాలితే ఆ పక్కకు మనిషి పోడు. గొర్రె తప్పిపోయి అటు పోయినా, బతికుంటే తెల్లారి దొరుకుతుందిలే అనుకునేవాళ్లు గాని వెతుక్కుంటూ పోయేవాళ్లు కాదు.

గోడలో ఆడమనిషి ఉందనేవాళ్లు. దప్పికతో చచ్చిపోయిన ఆడమనిషి. చీకటి పడితే నీళ్లడుగుతుంది... ఇవ్వకపోతే వెంట వస్తుంది...

ఆ మాట వింటూనే కృపమణి పెరిగింది. తక్కిన పిల్లలకు అది దెయ్యం. కృపమణికి మాత్రం అమ్మ.

ఆమె నాయన పేరు జ్ఞానరాజు. కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టినవాడు. బొగ్గుముక్క చేతికి దొరికితే గోడమీద గీసేవాడు, గోడ లేకపోతే బండమీద గీసేవాడు. ఆ గీతలు చూసి మిషను దొర ఒకాయన మద్రాసు పంపించి బొమ్మల చదువు చెప్పించాడు. రంగులెయ్యడం, రాయి చెక్కడం, కట్టడాలకు పటం గీయడం, మూడూ పట్టుబడ్డాయి. కడపలో ఒక పెద్దమనిషి బంగళా ఆయన గీసిన పటంతోనే లేచింది. జమీందార్ల మొగాలు రంగుల్లో దించాడు. అంత పేరు వస్తున్న రోజుల్లోనే అన్నీ వదిలేసి, తన ఊరికి ప్రార్థన గుడి కట్టాలని వచ్చి కూర్చున్నాడు. దొరల గుడిలాగ సూదిమొనతో ఆకాశాన్ని పొడిచేది కాదు. మన కొట్టం మాదిరిగానే ఉండాలి, పైన నాపరాయి కప్పు, లోపల చల్లటి నీడ, అందరూ నేలమీదే కూర్చోవాలి. ఊరంతా రాయి మోసింది. ఆయన పెండ్లాం సంతోషమ్మ సున్నం మోసింది.

లోపలి గోడ రాతిలో ఆయనొక బొమ్మ చెక్కాడు. బావికాడ ప్రభువు నీళ్లడిగిన సమరయ స్త్రీ. చంకన కడవ, తలమీద కొంగు... మొగం మాత్రం సంతోషమ్మది.

ఆ మొగం పూర్తయిన కొన్నాళ్లకే పెద్ద జ్వరం వచ్చింది. ఇంటింటా పీనుగు లేచిన కాలం అది. సంతోషమ్మ నీళ్లు, నీళ్లు అంటూ పోయింది. కృపమణి అప్పటికింకా పాకుతా ఉంది.

సంఘపెద్ద గాబ్రియేలుకు అప్పుడు పట్టుకుంది భయం.

"బొమ్మలు వద్దన్న దేవుని ఇంట్లో చచ్చినామె బొమ్మ యేందప్పా? తీసెయ్."

"తీయను" అన్నాడు జ్ఞానరాజు.

ఒక పొద్దున ఆయన పనికి పోయి చూస్తే, గోడలో బొమ్మ లేదు. దానిమీద మందంగా గచ్చు పూసేశారు. జ్ఞానరాజు ఆ పచ్చి సున్నంమీద అరచెయ్యి ఆనించి శానాసేపు నిలబడ్డాడు. బిడ్డను తీసుకుపోయి అక్క దీవెనమ్మ ఒళ్లో పెట్టి, ఊరు దాటిపోయాడు. గుడికి కప్పు పడలేదు.

మైసూరు పక్క ఏదో సంస్థానంలో మేడ కట్టించాడని విన్నారు. బొంబాయిలో కంచు విగ్రహం పోత పోశాడని, రంగుల పటాలకు బంగారు పతకం ఇచ్చారని, పత్రిక చూసి పాస్టరయ్య చెప్పేవాడు. ఆ మాటలు వచ్చేవే గాని మనిషి రాలేదు.

కృపమణి ఆ ఊరి బడిలోనే పంతులమ్మ అయింది. నాయన ఊసెత్తితే లేచి వెళ్లిపోయేది. అమ్మకు ఫోటో లేదు. ఉన్న ఒక్క మొగమూ సున్నం కింద ఉంది. దాన్నట్లా వదిలేసి ఊరూరి రాజుల మొగాలు చెక్కుకుంటూ తిరిగిన మనిషిని ఏమనుకోవాల?

రెండో యుద్ధం నడిచే రోజులవి. జబ్బుపడిన దీవెనమ్మను కోడుమూరులో వైద్యుడికి చూపించి, అక్కడే బంధువుల ఇంట్లో దింపి, కృపమణి కంబన్న బండిలో తిరిగొస్తోంది. దారిలో చక్రం పట్టా ఊడింది. అది సరిచేసుకుని మిట్ట దగ్గరికి వచ్చేసరికి పొద్దు పోయి, ఊరు కూడా సద్దు మణిగింది. అరిగిన చందమామ అప్పుడే లేస్తున్నాడు.

ఎద్దులు నిలబడిపోయాయి.

గర్... గర్... గర్...

ఆ సద్దు మొండిగుడి లోపలి నుంచే.

"కృపమ్మా..." కంబన్న గొంతు పూర్తిగా దిగిపోయింది. "కొంగు కప్పుకో. అటు చూడొద్దు."

"ఏమది కంబన్నా?"

"ఈమధ్య రోజూ ఇంతే. ఆయమ్మ గోడ గీకుతాండాది... బయటికి వస్తాదంట."

బయటికి వస్తాదంట! ఆ మాటకు కృపమణికి ఒళ్లు జల్లుమంది. అది భయమో ఆశో ఆమెకే తెలియలేదు. బండిలో ఉన్న మరచెంబు తీసుకుని కిందికి దిగింది.

"యాడికి పోతాండావు తల్లీ! నీకేమన్నా పట్టిందా?"

"నీళ్లే గదా కంబన్నా మా అమ్మ అడుగుతాండేది..."

కంబన్న చెయ్యి చాపాడు గాని బండి దిగలేదు.

ముళ్లకంపలు తప్పించుకుంటూ ఆమె మిట్ట ఎక్కింది. వాకిలి రాళ్ల దగ్గర ఆగింది. సద్దు ఆగలేదు. లోపలికి తొంగి చూసింది.

వెన్నెల్లో... గోడమీద ఆడమనిషి.

పాదాలున్నాయి. చీర కుచ్చిళ్లున్నాయి. చంకన కడవ, దాన్ని చుట్టుకున్న చెయ్యి... తల లేదు. మెడ పైనంతా తెల్లటి సున్నం. ఆ మెడ దగ్గర ఏదో నల్లటి ఆకారం గోడకు అతుక్కుని కదులుతోంది.

పారిపోవాలనుకుంది. అయినా మరచెంబు ముందుకు చాపింది.

"అమ్మా... నీళ్లు తెచ్చినా."

గీకుడు ఆగిపోయింది. ఇనుపముక్క ఖంగుమని బండమీద పడింది.

"సంతోషమ్మా..." వణుకుతూ ఒక మగగొంతు. "వచ్చినావా?"

ఆ పేరు పెట్టి అట్లా పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉంటాడు. కృపమణికి తెలిసిపోయింది.

"నేను సంతోషమ్మను కాదు. కృపమణిని."

ముసలాయన గబగబా తువ్వాల మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. "పో తల్లీ. నన్ను చూడొద్దు. పో..."

తువ్వాల జారింది. వెన్నెల పడిన ఆ కండ్లు రెండూ పాలరాయి మాదిరి ఉన్నాయి. నీటికాసుల జబ్బు. చూపు ఎప్పుడో పోయింది. ఎన్నాళ్లనుంచో మనసులో దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి ఆమెకు. మరచెంబు ఆయన చేతికిచ్చింది.

"నీళ్లు తాగు" అంది.

తాగాడు. సగం గడ్డంమీదనే కారిపోయాయి.

"ఎప్పుడొచ్చినావు? ఇంటికి రాకుండా ఈడేం చేస్తాండావు?"

"ఇంటికి ఏ మొగం పెట్టుకుని వచ్చేది? గొర్రెల లక్ష్మన్న ఈడ దింపిపోయినాడు. అంత సంగటి తెచ్చిస్తాడు. ఎవురికీ చెప్పొద్దంటి. పగలయితే జనం అడ్డం పడతారు. నాకు రాత్రేంది, పగలేంది?" గోడను తడుముకుంటూ, "కండ్లు పోయినాక నేను చెక్కిన మొగాలన్నీ ఒక్కటొక్కటే పోయినాయి మణీ. రాజులవి, దొరలవి... పోతే పోనీ. మీ అమ్మది గూడా పోతాండాది. ఒక్కసారి తడుముకుంటే మళ్లా వస్తాదని..."

ఆయన వేళ్ల చివర్లు చిట్లి సున్నంలో రక్తం కలిసింది.

"మెడ దాకా వచ్చినా. చెయ్యి ఇంకా పైకి లేయడంలే."

కృపమణి ఇనుపముక్క అందుకుంది. పడిపోయిన రాళ్లమీదికెక్కి నిలబడి గీకడం మొదలుపెట్టింది. బాటమీద నుంచి కంబన్న సన్నగా పిలిచాడు. ఆమె గీకుడు ఆపలేదు. ఇంకాసేపట్లో అమ్మను చూస్తుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి...

గచ్చు పెళ్లగా ఊడి కింద పడింది.

కృపమణి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

నుదురు లేదు. కండ్లు లేవు. మొగం ఉండాల్సిన చోట అంతా ఉలి దెబ్బలే. సున్నం పూయకముందే ఎవరో సుత్తి పట్టుకుని పగలగొట్టేశారు. ఊరు విడిచిన నాటినుంచి ఆయన, ఊళ్లోనే ఉండి ఆమె, సున్నం చాటున ఆ మొగం చెక్కుచెదరకుండా ఉందనే అనుకుంటున్నారు.

"వచ్చిందా మణీ?"

"...వచ్చింది."

"బాగుండాదా?"

"శానా బాగుండాది నాయనా." ఆ పిలుపు ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

"కండ్లు?"

"నీ వైపే చూస్తాండాయి."

"మూతి?"

"నవ్వుతాండాది నాయనా. నవ్వుతానే ఉండాది."

గోడల మధ్య గాలి ఒకసారి తిరిగి పోయింది.

"మీ అమ్మ నవ్వలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఆమెకు పన్నుమీద పన్ను. ఎవురన్నా చూస్తారని నోరు బిగబట్టుకునే నిలబడింది. నవ్వమని ఎంత బతిమాలితిని... నవ్వలే. నోరు మూసుకున్నట్టే చెక్కినా."

కృపమణి చేతిలోని ఇనుపముక్క కిందికి దించింది.

"మొగం కొట్టేసినారా?" అన్నాడాయన.

ఆమె దిగి వచ్చింది. "కొట్టేసినారు నాయనా."

ఆయన గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూలబడ్డాడు. ఏడవలేదు. ఏడుపు కూడా అరిగిపోయిన మనిషి మాదిరిగా, పక్కన రాలిన సున్నపు పెళ్లలను చేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

కృపమణి ఆయన ఎదురుగా కూర్చుంది. సున్నం అంటిన ఆ చెయ్యి పట్టుకుని తన మొగంమీద పెట్టుకుంది. ఆ వేళ్లు మొదట బెదిరాయి. తర్వాత పని తెలిసిన వేళ్లు గదా, వాటంతట అవే కదిలాయి. నుదురు... కనుబొమలు... ముక్కు.

"ముక్కు నాది" అన్నాడు. "నుదురూ మా వంశానిదే. దవడలు మా అక్కవి..." వేళ్లు గడ్డం దాకా దిగాయి. "మీ అమ్మది ఏమీ రాలేదే తల్లీ నీకు."

కృపమణి ఇంక ఆపుకోలేకపోయింది. బడిలో పిల్లల ముందర నవ్వొచ్చినా కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, నోరు తెరిచి గొల్లున ఏడ్చింది. ఆయన వేలు ఆమె పెదవి దాటి, పైవరస పండ్లకు తగిలింది. ఒక పన్ను. దానిమీద ఎక్కి కూర్చున్న ఇంకో పన్ను.

వేలు అక్కడ ఆగిపోయింది.

"ఇదో..." అన్నాడు జ్ఞానరాజు. "ఈడుండాది."